మూడో నోటుపుస్తకం

సోమవారం మధ్యాహ్నం,
షాపులో, వైండింగ్ బల్ల దగ్గర

నా చిట్టి ఫ్యూజుకు,

నీ ఉత్తరం శనివారం అందింది. మొదటిసారి నిలబడి చదివాను. రెండోసారి కూర్చుని చదివాను. మూడోసారి చేతులకున్న వార్నిష్ కడుక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుని, పెద్దమనిషిలా చదివాను. నీ వ్యాసాన్ని అంతంత చదువుకున్నవాళ్ళు ఒప్పుకున్నారని, అచ్చు వేస్తున్నారని, రెండు నెలల్లో థీసిస్ ఇచ్చేస్తావని రాశావు. ఆ తర్వాత నిన్ను డాక్టర్ అనాలట. నా కూతుర్ని! నాలుగేళ్ళప్పుడు కోపమొస్తే ఇంట్లో కరెంటు పోయినట్టు ఒక్కసారిగా ఆరిపోయి మూల కూర్చునే పిల్లని, అందుకే కదా ఫ్యూజు అని పేరు పెట్టింది, ఆ పిల్లని. సంతోషం పట్టలేక ఒక కాయిల్‌కి ఇరవై చుట్లు ఎక్కువ చుట్టేశాను. మళ్ళీ విప్పి చుట్టాను. విప్పుతున్నప్పుడు కూడా సంతోషంగానే ఉంది.

పక్కషాపు టైలరమ్మకి చెప్పాను. ఏ జబ్బులు చూస్తుందండీ అని అడిగింది. మోటార్ల జబ్బులు అన్నాను. ఆవిడ కుట్టుమిషను వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, అయితే తండ్రీకూతుళ్ళది ఒకటే ఆసుపత్రి అంది. మాట బాగుంది కదూ. నీకు రాయాలని అట్టముక్క మీద రాసిపెట్టుకున్నాను.

నీ చదువు నాకేం తెలుస్తుంది తల్లీ, ఏడో తరగతి చదివినవాణ్ణి. కానీ ఈ సంగతి మటుకు నాకు తెలుసని గర్వంగా ఉంటుంది. ఐదేళ్ళ కిందట నువ్వు అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి, మూడు నోటుపుస్తకాలు తెచ్చి ఈ బల్ల మీదే పెట్టావు. షాపుకొచ్చిన ప్రతి మోటారునీ ఒక నిమిషం తిప్పాలి. డబ్బా దాని చప్పుడు పట్టుకుంటుంది. నేను చెవితో విని పుస్తకంలో రాయాలి. బాగుంటే 'బా', బేరింగు పోతుంటే 'బే', వైండింగు కాలుతుంటే 'వై', లోపల తిరిగే రోటరు వదులైతే 'రో'. మూత విప్పకముందే రాయాలని ఎంత గట్టిగా చెప్పావో. విప్పాక రాస్తే అది కన్ను చెప్పింది అవుతుంది, నాకు నీ చెవి కావాలి నాన్నా అన్నావు. నలభై ఏళ్ళ పనిలో నా చెవి కావాలని ఎవరూ అడగలేదు. మొదటి పుస్తకమంతా మీ అమ్మ రాసింది, నేను చెబుతుంటే. రెండోది సగం దాకా ఆమెదే. మూడోది మొత్తం నాదే, అందుకే అక్షరాలు అలా కొట్టుకుంటూ ఉంటాయి. మొదటి రెండు పుస్తకాలు నీ ప్రోగ్రాంకి పాఠం అని, మూడోది పరీక్ష అని నువ్వు చెప్పిన రోజు నుంచి దాన్ని నా శిష్యుడు అంటున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నది లోకం మొత్తం మీద అదొక్కటే.

ఇక నువ్వు అడిగిన సంగతి. మూడో పుస్తకంలో నూట నలభై మోటార్లకు ముప్ఫై ఒక్కచోట నేను 'బా' అన్నానని, శిష్యుడు 'బే' అంటున్నాడని రాశావు. ఆ రోజుల్లో ఏమైనా తేడాగా జరిగిందా, ఒకసారి గుర్తు చేసుకో నాన్నా, ఏమైనా సరే రాయి అన్నావు. ఏముంటుందమ్మా. షాపు అదే, బల్ల అదే, నేనూ అదే. అది మిషను. ఓపిగ్గా నేర్పు, దారికొస్తుంది. నేను కూడా మా మేస్త్రి దగ్గర ఏడాదిపాటు తప్పులే చెప్పాను.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. పాడైంది. ఊళ్ళో వాళ్ళ మోటార్లన్నీ బాగుచేసేవాడు సొంత ఫోను బాగుచేయించుకోలేదని నవ్వుకో. తీరికలేదు. ఉత్తరాలే రాయి. ఉత్తరమైతే దాచుకోవచ్చు.

నీ గది కిటికీకి ఎదురుగా గోడే ఉంటుంది కదా, పొద్దున ఒకసారైనా బయటికి వెళ్ళి ఎండ చూడు. మీ ల్యాబులో అందరూ చెవుల్లో ఏవో పెట్టుకుని కూర్చుంటారని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడని రోజులుంటాయని రాశావు. ఆ మాట చదివి చాలాసేపు పని చెయ్యలేకపోయాను.

ఆనందంతో తలకిందులవుతున్న
మీ నాన్న


బుధవారం, పొద్దున,
షాపు తలుపులు తియ్యకుండా

తల్లీ,

ఈసారి ముద్దుపేరు పెట్టి పిలిచే ధైర్యం లేదు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదువు మానేస్తున్నానని రాశావు. మీ గైడు మేడంతో చెప్పేశావట, కంపెనీలో ఉద్యోగం చూసుకున్నావట, వచ్చే నెల హాస్టల్ గది ఖాళీ చేస్తావట. ఒక వాక్యం కింద గీత గీశావు. 'నాన్న చెవి తప్పదు, కాబట్టి నా ప్రోగ్రామే తప్పు.' ఆ గీత నా గొంతు మీద గీసినట్టుంది. ఐదేళ్ళమ్మా. గోడకి ఎదురుగా కూర్చుని ఐదేళ్ళు.

నీ ప్రోగ్రాం తప్పు కాదు. పరీక్ష రాసినవాడు సరిగ్గానే రాశాడు. పేపరు దిద్దినవాడే తప్పు దిద్దాడు. నాకు వినపడదు తల్లీ.

రాసేశాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి పొద్దున ఆరింటి నుంచి కూర్చున్నాను. ఇక ఆగను, అంతా చెబుతాను, తిట్టాలనుకుంటే చివర తిట్టు.

ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. మీ అమ్మ ఉన్నప్పుడు ఇంట్లో మాటలు ఆమెవి, షాపులో మోత నాది. ఆమె పోయాక పైన గదిలో మాట అనేదే లేదు. మనిషికి వినపడటం లేదని ఎదుటి మనిషి చెబితే కదా తెలిసేది? వంటగదిలోంచి పిలిస్తే నేను పలకకపోతే, ఆమె వచ్చి భుజం మీద తట్టి, చెవులు షాపులో వదిలేసి వచ్చావా అని అడిగేది. ఇప్పుడు పిలిచేదెవరు? ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే, ఆమె లేదు కాబట్టి నిశ్శబ్దం అనుకున్నాను. రెండు నిశ్శబ్దాలు కలిసిపోయాయి. ఏది ఆమెదో ఏది నాదో విడదీసుకోలేకపోయాను.

టైలరమ్మకే మొదట అనుమానం వచ్చింది, కానీ వేరేలాగా. నన్ను మూడుసార్లు పిలిచిందట, నేను పలకలేదట. కూతురు డాక్టరవుతోందని మేస్త్రిగారికి మెడ తిరగడం లేదు అని వీధిలో నలుగురితో అంది. అది నాకు చేరింది. నేను కాదనలేదు. గర్వమొచ్చిందనుకోనీ, చెవుడు అనుకోకుండా ఉంటే చాలు అనుకున్నాను. అప్పటి నుంచి కావాలని మెడ బిగించుకుని నడుస్తున్నాను. నవ్వొస్తోందా? నాకూ వచ్చేది, చెప్పుకోవడానికి ఎవరైనా ఉంటే.

తర్వాత లాండ్రీ ఆయన. ఆయన పెద్ద మిషను మోటారు తెచ్చాడు. తిప్పాను, విన్నాను, బాగుందన్నాను, పుస్తకంలో 'బా' అని రాశాను, మూత విప్పకుండానే పంపేశాను. ఇరవై మూడో రోజు అదే మోటారు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు. బిగుసుకుపోయింది. విప్పితే బేరింగు గుళ్ళు కాలి నీలంగా ఉన్నాయి. ఆయన మంచివాడే, గొంతు పెంచలేదు, పెంచినా నాకేం తెలుసులే. దగ్గరికొచ్చి నా మొహంలోకి చూస్తూ అన్నాడు.

"ఆ రోజు కీచుమని అరుస్తుంటే నాకే వినపడింది మేస్త్రీ. మీకు వినపడలేదా?"

వినపడలేదు. లావు మోతలు తెలుస్తున్నాయి, వైండింగు గుర్రుమనడం, రోటరు ఊగడం. అవి చెవితో కాదు, అరచెయ్యి పెడితే ఒంట్లోకి వస్తాయి. బేరింగు మొదట్లో చేసే ఆ సన్నని కీచు ఉంటుంది చూడు, దారప్పోగు లాంటిది, అది నా లోకంలోంచి ఎప్పుడో తెగిపోయింది. నలభై ఏళ్ళు తిరిగే మోటార్ల పక్కనే కూర్చున్నాను కదా, వాటి పనే. అవి తిన్నాయి, నేను పెట్టాను. నిన్నటికి అలా తిరిగొచ్చినవి పదకొండు. మూడో పుస్తకంలో వాటి నంబర్లు నాకు తెలుసు. బేరింగులు మార్చి పంపించేశాను, నీకు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నువ్వు అడిగినప్పుడు కూడా, ఏముంటుందమ్మా అని రాశాను. ఆ ఉత్తరం రాస్తున్న రోజుకే ఏడు తిరిగొచ్చి ఉన్నాయి. ఫోను పాడవలేదు. నీ గొంతు సన్నం. నాలుగుసార్లు ఎత్తాను, నాలుగుసార్లూ గాలి వీచినట్టుంది, ఊఁ ఊఁ అని పెట్టేశాను. ఐదోసారి ఎత్తలేదు.

ఎందుకు దాచావని అడుగుతావు. వినపడని వైండింగు మేస్త్రి దగ్గరికి మోటారు ఎవరు తెస్తారు అనే భయం ఉంది, నిజమే. కానీ అసలు భయం అది కాదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. నీ చదువు మొత్తంలో నాకు చోటున్నది ఆ నోటుపుస్తకంలో ఒక్కటే. నువ్వు రాసే ప్రతి ఉత్తరంలో ఒక మోటారు నంబరు ఉంటుంది, ఇది ఎలా వినిపించింది నాన్నా అనే ప్రశ్న ఉంటుంది. చెవి పోయిందని చెబితే ఆ ప్రశ్నలు ఆగిపోతాయి. తర్వాత ఏం రాస్తావు? బాగున్నావా, తిన్నావా, అంతే. అలాంటి ఉత్తరాలు అందరికీ వస్తాయి. నాకు వచ్చేవి వేరు. అవి పోగొట్టుకోలేక నీ ఐదేళ్ళ మీద కూర్చున్నాను. చూశావా, తండ్రి ప్రేమ అని నేను పేరు పెట్టుకున్నది ఎంత స్వార్థమో.

దీంతోపాటు ఒక కాగితం పెడుతున్నాను. తిరిగొచ్చిన పదకొండు మోటార్ల నంబర్లు, వచ్చిన తేదీలు, విప్పినప్పుడు ఏం కనపడిందో రాశాను. అన్నీ బేరింగులే. శిష్యుడు 'బే' అన్నవని నువ్వు పంపిన ముప్ఫై ఒక్క నంబర్లలో ఈ పదకొండూ ఉన్నాయి, చూసుకో. మిగిలిన ఇరవై మోటార్ల వాళ్ళ దగ్గరికి ఇవాళ నుంచి నేనే వెళ్తాను. తలుపు కొట్టి, నాకు వినపడదండీ, మీ మోటారు విప్పి చూస్తాను అని చెబుతాను. చూసింది చూసినట్టు రాసి పంపుతాను. మీ మేడంకి చెప్పు. పరీక్ష దిద్దినవాడు చెవిటివాడని థీసిస్‌లో రాయి. దాపరికం వద్దు. గది ఖాళీ చెయ్యకు తల్లీ.

తప్పు చేసిన
మీ నాన్న


శుక్రవారం, సాయంత్రం వెలుతురు ఉండగా,
మేడ మీద గదిలో

మహారాజశ్రీ డాక్టర్ ఫ్యూజు గారికి,

రైలు దిగి ఇల్లు చేరాను. చెప్పులు విడిచాను, ఉత్తరం మొదలుపెట్టాను. మంచినీళ్ళు తర్వాత తాగుతాను. అయిందా అమ్మా? నిజంగా అయిందా? నేను చూసింది కలా, ఆ హాలు, ఆ నల్లకోట్లు, నీ చీర కుచ్చిళ్ళు ఒకవైపు జారిపోతే మీ మేడం వచ్చి సర్దడం! దారంతా పక్కసీటు ఆయనకి చెబుతూనే ఉన్నాను. రైలు మోతలో ఆయన ఏమన్నాడో తెలియదు, కానీ తల ఊపిన మనిషి మంచివాడే అయి ఉంటాడు.

ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేనివి కొన్ని రాయాలి. పాత అలవాటు.

నేను ఆ ఉత్తరం వేసిన నాలుగో రోజు నువ్వు వచ్చావు గుర్తుందా? గుమ్మంలో నిలబడి ఎంతసేపు పిలిచావో నాకు తెలియదు. నేను వీపు తిప్పి బల్ల మీద మోటారు తిప్పుతున్నాను, అరచెయ్యి దాని మీద ఉంది. ఉన్నట్టుండి చేతికింద అది ఆగిపోయింది. కరెంటు పోయిందనుకుని తిరిగాను. నువ్వు మెయిన్ స్విచ్చి మీద చెయ్యి పెట్టి నిలబడి ఉన్నావు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా ఉంది. తిడతావనుకున్నాను. దగ్గరికొచ్చి, నా మొహానికి ఎదురుగా, ఒక్కో మాట విడదీసి చెప్పావు.

"నాకు మూడు నెలల నుంచి తెలుసు నాన్నా."

ఆ తర్వాత సంచీలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచావు. గీత ఒకటి, మెట్లు దిగినట్టు కిందికి వస్తోంది. నువ్వు వేలు పెట్టి చూపించావు. ముప్ఫై ఒక్క తేడాలూ సన్నని చప్పుళ్ళే. మూడో పుస్తకం మొదట్లో బాగా సన్నవి మాత్రమే తప్పాను, తర్వాత కాస్త లావువి, చివరికి వచ్చేసరికి ఇంకొంచెం. ఏ నెలలో నా చెవి ఎంత తగ్గిందో నీ ప్రోగ్రాం మెట్టు మెట్టుగా పట్టుకుంది. నేను నాకే ఒప్పుకోకముందు నువ్వు ఆ గీత చూసి కూర్చున్నావు, ఆ గోడ ఎదురుగా, ఎవరికీ చెప్పకుండా. ఏమైనా తేడాగా జరిగిందా నాన్నా, ఏమైనా సరే రాయి అని అడిగావే, అది నాకోసం తలుపు తీసి పట్టుకోవడం. నేను దాన్ని మూసి లోపల గడియ పెట్టుకున్నాను.

మరి ప్రోగ్రాం తప్పని ఎందుకు రాశావు, చదువెందుకు మానేస్తానన్నావు అని అడిగాను. నువ్వన్న మాట నేను ఎన్నిసార్లు తలచుకున్నానో.

"థీసిస్ అందరూ చదువుతారు నాన్నా. అందులో రాస్తే నీ షాపు పోతుంది, రాయకపోతే నా చదువు పోతుంది. చదువైతే ఇంకోటి చూసుకోవచ్చు అనుకున్నాను."

చూడు మన తెలివి. కూతురి ఉత్తరాలు పోతాయని తండ్రి దాచాడు, తండ్రి షాపు పోతుందని కూతురు దాచింది. ఇద్దరమూ చెరో చోట ఒక్కళ్ళమే కూర్చుని ఒకే విషయాన్ని ఒకరికొకరం దాచుకున్నాం. మీ అమ్మ ఉంటే ఇద్దరి చెవులూ మెలిపెట్టేది. నా చెవులకి ఇప్పుడు ఆ పనే మిగిలింది.

మిగిలిన ఇరవై ఇళ్ళూ తిరిగాను. పంతొమ్మిదింట్లో బేరింగే. ఒక్కటి మాత్రం నిజంగా బాగుంది, శిష్యుడు అక్కడ తప్పాడు. ఆ ఒక్కటీ చూసి లోపల చిన్న సంతోషం కలిగిందని ఒప్పుకుంటున్నాను.

ఇక హాలు సంగతి. నువ్వు నన్ను మొదటి వరసలో కూర్చోమన్నావు, నేను చివరి వరసలో కూర్చున్నాను. కొత్త చెవిమిషనుకి అంత దూరం అందదు, ఒక్క ముక్క వినపడలేదు. అయినా అంతా చూశాను. తెర మీద ఆ మెట్ల గీత వచ్చినప్పుడు గుర్తుపట్టాను, అదిగో నేను అనుకున్నాను. బయటి ఊరి నుంచి వచ్చిన ఆ బట్టతల పెద్దాయన లేచి ఏదో అడిగాడు. నువ్వు చెయ్యెత్తి నన్ను చూపించావు. హాలు మొత్తం వెనక్కి తిరిగింది. అన్ని కళ్ళు ఒకేసారి నా మీద పడేసరికి ఎవరి కుర్చీలోనైనా పొరపాటున కూర్చున్నానేమో అనుకుని లేచి నమస్కారం పెట్టేశాను. వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. చేతులు కనపడ్డాయి. నీ మొహం కనపడింది.

అయ్యాక మీ మేడం ఆ ప్రశ్న, నీ జవాబు కాగితం మీద రాసి ఇచ్చింది. అది నా చొక్కా జేబులో ఉంది, ఇప్పుడు చూసే రాస్తున్నాను. మూడో పుస్తకం తప్పుల తడక అని తెలిశాక పారేసి ఉండొచ్చు కదా, ఎందుకు ఉంచావు అని ఆయన అడిగాడట. నువ్వన్నావట: "మొదటి రెండు పుస్తకాల్లో మా నాన్న చెవి ఉంది. మూడోదాంట్లో చెవి లేకుండా ఆయన చేసిన పని ఉంది. 'వై', 'రో' ఒక్కటి కూడా తప్పు పోలేదు, అరచెయ్యి పెట్టి చెప్పారు. రెండూ పారేసేవి కావు."

తల్లీ, నాకు ఏడో తరగతి పాసైన కాగితం కూడా లేదు. మీ మేడం ఇచ్చిన ఈ కాగితం చాలు.

షాపు సంగతి అడుగుతావు కాబట్టి దాచకుండా రాస్తాను. వచ్చేవాళ్ళలో సగం మంది రావడం మానేశారు. మధ్యాహ్నాలు బల్ల ఖాళీగా ఉంటుంది. కానీ నీ ప్రోగ్రాం పెట్టి నువ్వు బిగించి వెళ్ళిన కొత్త డబ్బా పనిచేస్తోంది, 'బా', 'బే', 'వై', 'రో'లకి ఒక్కోటి చొప్పున నాలుగు దీపాలూ వెలుగుతున్నాయి. మోటారు తిప్పగానే ముందు నేను అరచెయ్యి పెట్టి నాలో నేను ఒకటి అనుకుంటాను, తర్వాతే దీపం వైపు చూస్తాను. ఎర్రది వెలిగితే సన్నని కీచు ఉందన్నమాట. ఐదేళ్ళ కిందటి నా చెవి ఆ డబ్బాలో కూర్చుని ఇవాళ్టి నాకు చెబుతోంది. లాండ్రీ ఆయన పోయిన వారం ఇంకో మోటారు తెచ్చాడు. దీపం చూసి, "ఇది మీ అమ్మాయి చేసిందా, మీరు చేశారా?" అని అడిగాడు. ఇద్దరం కలిసి అన్నాను. ఆయన దాని పక్కనే స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. షాపులో ఒక మనిషి ఊరికే అలా కూర్చుని ఎన్నాళ్ళయిందో.

నువ్వు బలవంతంగా పెట్టించిన చెవిమిషను మొదటి రోజంతా చిరాకు పెట్టింది. నా చెప్పుల చప్పుడు విని వెనక ఎవరో వస్తున్నారని రెండుసార్లు తిరిగి చూశాను. పక్కషాపు కుట్టుమిషను కిర్రుమంటుంటే వెళ్ళి నూనె వెయ్యమని చెప్పాను. టైలరమ్మ నోట్లో పట్టుకున్న బొత్తాం జారిపోయేంతగా చూసింది. తర్వాత, గర్వం దిగిందా మేస్త్రిగారూ అంది. దిగిందని చెప్పాను. మెడ కూడా హాయిగా ఉంది.

ఒకటే మిగిలింది. నీ ఫోను నేను ఎత్తి ఏడాదయింది. ఇవాళ దాన్ని తుడిచి, చార్జింగ్ పెట్టి, మంచం పక్కన ఉంచాను. ఆదివారం పొద్దున చెయ్యి. వెంటనే ఎత్తకపోతే కంగారుపడకు, పెట్టెయ్యకు. అది మోగుతుంటే కాసేపు వింటాను. తర్వాత ఎత్తుతాను. నువ్వు మోటార్ల గురించి ఏమీ అడగనక్కరలేదు. తిన్నావా అని అడుగు చాలు.

నీ మొదటి పేషెంటు,
వైండింగ్ నాన్న